ఒక్కసారే అడిగావుగా!

ఐర్లండ్‌లో మా మేయో జిల్లా మనుషుల దగ్గర మొహమాటానికి కొదవ లేదు. వానకీ లేదనుకోండి, అది వేరే సంగతి. ఇంటికొచ్చిన మనిషిని టీ తాగుతారా అని అడిగితే మొదటి మాటకే "తాగుతా" అన్నవాడు ఇక్కడ ఇంతవరకూ పుట్టలేదు. "అబ్బే, ఇప్పుడే తాగొచ్చా" అనాలి. రెండోసారి అడిగితే "మీకెందుకండీ శ్రమ" అనాలి. మూడోసారి అడిగితే "సరే, మీరింతగా అంటున్నారు గనక ఒక్క చుక్క" అనాలి. ఆ ఒక్క చుక్కా రెండు కప్పులూ, వెన్న రాసిన రొట్టె ముక్కలూ, ఊళ్ళోవాళ్ళ సంగతులూ అయ్యేసరికి పొద్దు వాలుతుంది. అడిగేవాళ్ళకీ తెలుసు, వద్దనేవాళ్ళకీ తెలుసు. ఊనా కిల్బేన్‌కి కూడా తెలుసు. కాని ఆ తెలివిని ఆ పిల్ల నాలుగేళ్ళపాటు దేశం కాని దేశంలో పారేసుకుని వచ్చింది. దానివల్ల ఒక పెద్దావిడ కొంప మునగబోయింది.

ఊనాది బెల్‌ముల్లెట్ పక్కన పల్లె. తల్లి ఫిలమీనాకి ఊళ్ళో ఉన్ని దుకాణం. పిల్ల గాల్వేలో చరిత్ర చదివి డిగ్రీ పుచ్చుకుంది. పుచ్చుకున్నాక తెలిసింది, మేయోలో చరిత్రకి గతం బోలెడంత ఉంది గాని ఉద్యోగం మాత్రం లేదని. కొన్నాళ్ళు తల్లి దుకాణంలో ఉన్ని ఉండలు చుట్టింది. తర్వాత ఎవరో చెప్పారని చెక్ దేశంలో బ్ర్నో అనే ఊరికి ఇంగ్లీషు పాఠాలు చెప్పడానికి పోయింది. "ఒక్క ఏడాదే అమ్మా" అని బయల్దేరిన పిల్ల నాలుగేళ్ళు ఉండిపోయింది.

అక్కడ మొదటి వారమే ఊనాకి ఏడుపొచ్చినంత పనైంది. సాయంత్రం క్లాసుకి పెద్దవాళ్ళు వచ్చేవారు. ఒక పాఠం చెప్పి "అర్థమైందా?" అని అడిగితే అందరూ "నో" అన్నారు. పాపం మళ్ళీ చెప్పింది. "ఇప్పుడో?" అంటే "నో, నో!" అన్నారు, అదీ సంతోషంగా తలలూపుతూ. బొమ్మలు వేసి చెప్పింది, చేతులు తిప్పి చెప్పింది, కుర్చీ ఎక్కి దిగి చెప్పింది. ఎంత చెప్పినా నో. వారం గడిచాక ముందు బెంచీలో కూర్చునే జ్డెంకా అనే పెద్దావిడ జాలిపడింది. జీవితమంతా ట్రాము నడిపి రిటైరైన మనిషి ఆమె.

"టీచరమ్మా, మా భాషలో నో అంటే ఊఁ అని. మాకు మొదటిరోజే అర్థమైంది. మీరే ఆపట్లేదు."

ఆ రోజు క్లాసంతా నవ్వుల్లోనే పోయింది. ఆ ఒక్క మాట ఇబ్బంది దాటాక బ్ర్నో మనుషులు ఊనాకి తెగ నచ్చారు. కాఫీ కావాలా అంటే కావాలంటారు, వద్దంటే వద్దంటారు. ఊనా జుట్టు పొట్టిగా కత్తిరించుకొచ్చిన రోజున జ్డెంకా ఎగాదిగా చూసి "బాలేదు" అని ఊరుకుంది. మేయోలో ఆ మాట అనడానికి మూడు తరాల పగ ఉండాలి. ఊనాకి మాత్రం ఎంత హాయిగా ఉందో! మాట వెనక మాట వెతుక్కునే పని లేదు. అలా నాలుగేళ్ళు బతికేసరికి మన అలవాట్లు అరిగిపోయాయి.

జ్డెంకా ఇంగ్లీషు నేర్చుకునేది లండన్‌లో పుట్టిన మనవరాలి కోసం. పుట్టినరోజు కార్డు తన చేత్తో రాయాలని ఆవిడ కోరిక. చేతులు చూస్తే కీళ్ళవాతంతో వేళ్ళన్నీ వంకర్లు తిరిగిపోయాయి, పెన్ను నిలిచేది కాదు. క్లాసులో అందరూ రాసుకుంటుంటే ఆవిడ చేతులు బల్ల కింద దాచుకునేది. ఒకనాడు ఊనా తన వంటింట్లో పడున్న వైన్ సీసా బిరడాకి కన్నం పొడిచి, అందులోంచి పెన్ను దూర్చి తెచ్చి ఆవిడ గుప్పిట్లో పెట్టింది. బిరడా లావుగా ఉండేసరికి గుప్పిటికి అందింది. జ్డెంకా నాలుక బయటపెట్టి, అక్షరం అక్షరం దిద్ది, మనవరాలి పేరు రాసింది. రాసి, ఏడుస్తూ ఊనాని చెక్ భాషలో తిట్టింది. ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావే అని.

ఊనాకి ఆ రోజు కలిగిన ఆనందం నాలుగేళ్ళలో ఏ పాఠం చెప్పినప్పుడూ కలగలేదు. మర్నాడు క్లాసులో వ్యాకరణం చప్పగా తోచింది. చెయ్యలేని పనిని మనిషి చేత మళ్ళీ చేయించడం, అదే తనకి కావలసిన పని. అటువంటి ఉద్యోగం ఒకటుందనీ, దాని పేరు ఆక్యుపేషనల్ థెరపీ అనీ కనుక్కుని, పెట్టే బేడా సర్దుకుని దేశానికి తిరిగొచ్చి లిమరిక్‌లో రెండేళ్ళు చదివింది.

ఆ పేరు మా ఊళ్ళో ఎవరికీ మింగుడు పడలేదు. పక్కింటి బ్రిడీ ఓ సాయంత్రం వచ్చి, "ఆక్యుపేషన్ అంటే ఉద్యోగమేగా అమ్మాయ్, మా అల్లుడు ఖాళీగా ఉన్నాడు, ఏదైనా చూసిపెడుదూ" అంది. ఉద్యోగాలిప్పించే పని కాదనీ, జబ్బుపడి లేచినవాళ్ళకి స్నానం చెయ్యడం, బట్టలు తొడుక్కోవడం, వంట చేసుకోవడం మళ్ళీ అలవాటు చేసే పని అనీ ఊనా వివరించింది. "ఓస్, దానికి రెండేళ్ళు చదవాలా!" అని బ్రిడీ ముక్కున వేలేసుకుంది.

"టీ తాగుతారా?" అంది ఊనా.

"అబ్బే, వద్దమ్మా."

"సరే అయితే" అని ఊనా కెటిల్లో నీళ్ళు సింకులో పారబోసింది.

బ్రిడీ వెళ్ళేదాకా ఫిలమీనా పళ్ళ బిగువున ఆగి, తలుపు మూయగానే విరుచుకుపడింది. "నా తల కొట్టేసినట్టయిందే! ఇరవయ్యేళ్ళుగా ఆవిడ మనింట్లో టీ తాగకుండా గడప దాటలేదు!"

"వద్దందిగా అమ్మా."

"వద్దనక ఇంకేమంటుంది, నిన్ను కన్నందుకు నన్ననాలి!"

ఊనా నవ్వి ఊరుకుంది. ఇంట్లో తిట్లకేం, ఎన్నయినా తినొచ్చు. ఉద్యోగంలో మాత్రం తను చేసేది సరైనదేనని ఆ పిల్ల నమ్మకం. లిమరిక్‌లో చదువు చెప్పినవాళ్ళు మరీ మరీ చెప్పారు. మనిషిని సూటిగా అడగండి, చెప్పిన జవాబుని గౌరవించండి, బలవంతపెట్టకండి అని. బ్ర్నోలో బతికొచ్చిన పిల్లకి ఆ మాట తేనెలా రుచించింది.

పట్నంలో, ఎముకలు విరిగి అతుక్కున్నవాళ్ళకి మళ్ళీ నడక నేర్పే ఆసుపత్రిలో ఊనాకి ఉద్యోగమైంది. అక్కడికే తుంటి విరిగి ఆపరేషన్ చేయించుకున్న డీలియా మన్నెలీ వచ్చింది. డీలియా గురించి మా వైపు తెలియనివాళ్ళు లేరు. పెళ్ళి చేసుకోలేదు. ఎక్కడ ఫుట్‌బాల్ మ్యాచ్ జరిగితే అక్కడ వేడివేడి దుంపవేపుడు అమ్మే తన చిప్స్ బండి పెట్టేది. వరుసలో తోసుకునేవాళ్ళని గరిటె చూపించి అదిలించేది. డెబ్బయ్ దాటినా బండి ఆపలేదు. ఆ బండి మెట్టు మీంచే జారి తన పెరట్లో పడింది.

వార్డులోకి వచ్చిన రోజే డీలియా రాజ్యం మొదలైంది. ఆసుపత్రి బంగాళాదుంపల్ని వేలితో నొక్కి చూసి "ఇవి దుంపలా, సబ్బుబిళ్ళలా?" అంది. మనిషి ఇంట్లో ఏమాత్రం నెగ్గుకురాగలదో చూడటానికి అక్కడ ఒక చిన్న వంటిల్లు ఉంది. ఊనా ఆవిణ్ణి అక్కడికి తీసుకెళ్ళి ఒక కప్పు టీ పెట్టమంది. డీలియా వాకర్ ఆనుకుని నిలబడి, అందరికీ టీ పెట్టి, గిన్నెలు కడిగి, పొయ్యి తుడిచి, "ఈ తుడిచే గుడ్డలు ఉతికి ఎన్నాళ్ళయిందే పిల్లా?" అని దులిపేసింది. ఆవిణ్ణి చూసి ఊనాకి ప్రాణం లేచొచ్చింది. ఈవిడ ఇంటికి వెళ్ళిపోవచ్చు, ఢోకా లేదు అనుకుంది.

కాని ఇంట్లో కొన్ని ఏర్పాట్లు లేకపోతే కుదరదు. పెరటి మెట్టు దగ్గర పట్టుకోవడానికి కమ్మీ కావాలి. స్నానాల గదిలో కుర్చీ కావాలి. పొద్దున్నే వచ్చి స్నానానికి సాయం చేసే మనిషి కొన్నాళ్ళపాటు కావాలి. ఊనా మంచం పక్కన కూర్చుని సూటిగా, ఒకదాని తర్వాత ఒకటి అడిగింది.

"మెట్టు దగ్గర కమ్మీ పెట్టించమంటారా, డీలియా గారూ?"

"నాకెందుకమ్మా, అవసరమైనవాళ్ళకి పెట్టండి."

"స్నానానికి కుర్చీ?"

"అబ్బే, నేను దుక్కలా ఉన్నా."

"పొద్దున సాయానికి మనిషిని పంపించమంటారా?"

"నా కోసం ఒకళ్ళని తిప్పడమా, పాపం!"

"సరే, మీ ఇష్టం" అంది ఊనా.

డీలియా ఆ పిల్లకేసి చూస్తూ కూర్చుంది. ఇంకా ఏదో అంటుందని ఎదురుచూస్తున్నట్టుంది ఆ చూపు. ఊనా దిండు సర్ది వెళ్ళిపోయింది.

ఎవరెవరిని ఎక్కడికి పంపాలో తేల్చే సమావేశంలో డాక్టర్ పర్సెల్ "మిస్ మన్నెలీ సంగతేంటి?" అని అడిగాడు. ఆయన రాజధాని డబ్లిన్ నుంచి వచ్చిన మనిషి. చెడ్డవాడు కాదు, డబ్లిన్ మనిషి, అంతే. ఊనా ఉన్నదున్నట్టు చెప్పింది. ఏ సాయమూ వద్దన్నారని.

"అయితే ఇల్లు కుదరదు. మళ్ళీ పడితే ఎవరు చూస్తారు? వృద్ధుల హోమ్‌కి పంపుదాం. చోటు చూడండి" అని ఆయన తర్వాతి పేరుకి వెళ్ళిపోయాడు.

 ఆవిడే వద్దన్నది కదా, తనేం చెయ్యగలదు? ఊనా అలా తనకి తను చెప్పుకుంటూ, కాళ్ళీడ్చుకుంటూ వార్డుకెళ్ళి సంగతి చెప్పింది.

డీలియా ముఖం తెల్లగా పాలిపోయింది. "హోమా? నేనా? ఎందుకే?"

"మీరు సాయం వద్దన్నారు కదండీ."

"నేనా? ఎప్పుడన్నాను?"

"నేనడిగాను కదా. కమ్మీ వద్దన్నారు, కుర్చీ వద్దన్నారు, మనిషిని..."

"ఒక్కసారే అడిగావుగా!" వార్డంతా ప్రతిధ్వనించేలా అరిచింది డీలియా. "ఒక్కసారి అడిగి చేతులు దులుపుకుంటావా! అడగ్గానే తగుదునమ్మా అని ఊఁ అనడానికి నేనేమన్నా ఆబగా ఎదురుచూస్తున్నాననుకున్నావా? మళ్ళీ అడుగుతావు కదాని నే చూస్తూ కూర్చుంటే దిండు సర్ది పోయావు! ఎవరమ్మాయివే నువ్వసలు?"

"బెల్‌ముల్లెట్ దగ్గర ఫిలమీనా కిల్బేన్ కూతుర్నండీ."

"ఉన్ని కొట్టు ఫిలమీనా కూతురివా! నేనింకా డబ్లిన్ పిల్లవేమో, తెలీదేమోనని సరిపెట్టుకున్నా." ఆ మాట అని డీలియా ముఖం గోడవైపు తిప్పుకుంది. గరిటెతో మగాళ్ళని అదిలించిన మనిషి భుజాలు చిన్నపిల్లవాటిలా కదులుతున్నాయి.

ఊనాకి సిగ్గుతో చెవులు మండాయి. పరాయి దేశంలో పరాయి మాట అర్థం కాక వారం తిప్పలు పడిందంటే ఓ అందం ఉంది. సొంత ఊరి మాట, తల్లి ఒళ్ళో నేర్చిన మాట, అర్థం చేసుకోలేక ఒక మనిషి ఇల్లు ఊడగొట్టబోయింది! వద్దన్న మాటని గౌరవించానని మురిసిపోయింది గాని, వద్దన్న మనిషిని వినిపించుకోలేదు. ఆవిడ చెయ్యి పట్టుకుని "నాదే తప్పు డీలియా గారూ, నేను సరిచేస్తాను" అని డాక్టరు గది వైపు పరుగెత్తింది.

డాక్టర్ పర్సెల్ విసుక్కున్నాడు. నిన్న వద్దన్నావిడ ఇవాళ కావాలంటే ఎలా నమ్మడం? రేపు ఇంటికెళ్ళి మళ్ళీ మనిషిని గెంటేస్తే? "నేనే స్వయంగా అడుగుతాను. ఆవిడ నోటితో ఒప్పుకుంటే ఇంటికి. లేకపోతే హోమ్‌కి" అన్నాడు.

ఊనా వెనక్కొచ్చి డీలియా కాళ్ళావేళ్ళా పడింది. "డాక్టరుగారు డబ్లిన్ ఆయన. ఆయనకి మన పద్ధతి తెలీదు. అడగ్గానే ఊఁ అనెయ్యండి. ఒక్క ముక్క. ఊఁ."

"అదెంత పని. అనేస్తా" అంది డీలియా.

రౌండ్స్‌కి డాక్టరు వచ్చేవేళకి డీలియా తల దువ్వుకుని, మంచి జాకెట్టు తొడుక్కుని, పెళ్ళిచూపులకి కూర్చున్నట్టు కూర్చుంది. ఆయన మంచం పక్కన నిలబడి మర్యాదగానే అడిగాడు.

"మిస్ మన్నెలీ, ఇంటి దగ్గర సాయానికి మనిషి, కమ్మీ, కుర్చీ... ఒప్పుకుంటారా?"

డీలియా నోరు తెరిచింది. ఊనా వైపు చూసింది. ఆవిడ పెదవులు ఆ మాట కోసం నానా అవస్థ పడ్డాయి. చివరికి బయటపడింది మాత్రం, "అయ్యో, మీకెందుకండీ డాక్టరుగారూ ఇంత శ్రమ!"

 డాక్టరు చూశావా అన్నట్టు ఊనా వైపు చూసి పక్క మంచం వైపు కదిలాడు.

"డాక్టర్, మళ్ళీ అడగండి" అంది ఊనా.

"ఏమిటి?"

"ఆవిడ ఇంకా జవాబు చెప్పలేదండీ. మళ్ళీ అడగండి."

ఆయన కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ అడిగాడు. "నాకన్నా అవసరమున్న వాళ్ళు ఉంటారేమో కదండీ" అంది డీలియా, చెమటలు కక్కుతూ.

"మరోసారి."

"మిస్ కిల్బేన్, ఇదేమన్నా వేలంపాటా?"

"డాక్టర్, మీ కాళ్ళు పట్టుకుంటా. ఒక్కసారి."

వార్డులో అన్ని మంచాలూ ఊపిరి బిగపట్టాయి. అందరూ మేయో వాళ్ళే, ఎక్కడుందో కథ వాళ్ళకి తెలుసు. డాక్టర్ పర్సెల్ ఆ ముఖాలన్నీ ఒకసారి పరికించి, గొంతు తగ్గించి, "నిజంగానే అడుగుతున్నాను మిస్ మన్నెలీ. పంపించమంటారా?" అన్నాడు.

"ఎలాగూ ఆ దారిన వెళ్ళే మనిషైతే," అంది డీలియా, "ఓ అడుగు లోపలికొస్తే నేను కాదంటానా?"

"అంటే?"

"అంటే ఊఁ అండీ!" అన్నారు మంచాలన్నీ ఒక్క గొంతుతో. డాక్టరు కూడా నవ్వేశాడు. నవ్వితే బాగానే ఉంటాడు ఆయన.

డీలియాని ఇంటికి దింపడానికి ఊనా స్వయంగా వెళ్ళింది. వాన సంగతి చెప్పక్కర్లేదు. పెరటి మెట్టు దగ్గర కమ్మీ గట్టిగా ఉంది. స్నానాల గదిలో కుర్చీ ఉంది. పొద్దున వచ్చే మనిషి పేరూ వేళా చెప్పింది. డీలియా మెట్టెక్కి దిగి చూపించింది, మంచం మీంచి లేచి చూపించింది. ఊనా చూడాల్సినవన్నీ అయిపోయాయి. కారు తాళాలు చేతిలోకి తీసుకుని, గుమ్మం దగ్గర నిలబడి అడిగింది.

"ఒంటరిగా ఉండాలంటే భయంగా ఏమన్నా ఉందా?"

"భయమా? నాకా?" పకపకా నవ్వింది డీలియా.

"భయంగా ఉందా, డీలియా గారూ?"

"తాగొచ్చి బండి మీద పడేవాళ్ళనే తరిమికొట్టానే పిల్లా. పో పో, నీకు చీకటి పడుతుంది."

ఊనా తాళాలు జేబులో వేసుకుంది. తలుపు మూసి, వెనక్కొచ్చి, ఆవిడ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"భయంగా ఉందా?"

 డీలియా కిటికీలోంచి పెరట్లోకి చూసింది. అక్కడ చిప్స్ బండి తడుస్తోంది.

"పడ్డ రోజున పోస్టుమాన్ వచ్చేదాకా అక్కడే పడున్నా," అంది. "పిలిచి పిలిచి గొంతు పోయింది. వాన ముఖం మీద పడుతోంది, తుడుచుకుందామంటే చెయ్యి లేవలేదు. ఇలాగే పోతానేమో, ఎవరికీ తెలీదేమో అనుకున్నా. భయంగానే ఉంది. చాలా భయంగా ఉంది. ఎవరికీ చెప్పలేదు."

 ఇన్నాళ్ళూ ఊనా ఆవిడ నడక చూసింది, పట్టు చూసింది, మెట్టు ఎత్తు చూసింది. ఈ మాట ఏ కొలతకీ అందలేదు. ఆవిడ చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుంది.

"మెడలో వేసుకునే బొత్తాం ఒకటుంది. పడితే నొక్కొచ్చు, వెంటనే మనిషి వస్తాడు. పెట్టించనా?"

"పెట్టించు" అంది డీలియా.

ఒక్కసారికే అంది. ఊనా అది గమనించి కూడా ఏమీ అనలేదు. అంటే ఆవిడ సిగ్గుపడేది.

కాసేపయ్యాక డీలియా ముక్కు చీది, కళ్ళు తుడుచుకుని, పెద్దమనిషి తరహా తిరిగి తెచ్చుకుంది. "ఇంత దూరం వచ్చావు. నీకు వేరే పన్లుంటాయనుకో. అయినా టీ తాగుతావేంటి?"

"తాగుతా" అంది ఊనా.

డీలియా ఆ పిల్లకేసి వంగి చూసింది. "ఒక్క మాటకే?"

"ఒక్క మాటకే. రొట్టె కూడా తింటా. ఆకలేస్తోంది."

"ఫిలమీనా కూతురివి! ఆవిడకి తెలిస్తే..." అంటూనే డీలియాకి నవ్వాగలేదు. నవ్వి నవ్వి పక్కలు పట్టుకుంది. వాకర్ దగ్గరికి లాక్కుని, రెండు చేతులా బరువు మోపి మెల్లగా లేచి, వంటింటివైపు నడిచింది. ఊనా సాయం చెయ్యడానికి లేవలేదు. కోటు విప్పి కుర్చీకి తగిలించి, టీ వచ్చేదాకా కూర్చుంది.